మల్లయ్యకొక నెగడు

మొదటి పోటుకు గడ్డపార బెత్తెడు కూడా దిగలేదు. వానలు వెనకబట్టి ఎన్నాళ్లయిందని, అప్పుడే నేల ఇంత గట్టిపడిందా అనుకుంది సుకన్య. గట్టిపడక ఏం చేస్తుంది, తను ఈ ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ బర్రెలు తొక్కిన పెరడాయె. మళ్లీ ఎత్తి వేసింది. ఎడమ చేతికి చుట్టిన గుడ్డ కిందికి చెమట దిగి, కాలిన చోట సుర్రుమంది. ఈ చెయ్యి తడపొద్దని డాక్టరు చెప్పాడు, చెమట సంగతి చెప్పలేదు. ఎండ అప్పటికే పక్కింటి స్వామిదాసు రేకుల మీదికి ఒరిగింది. పొద్దుగూకేలోపు గుంత తవ్వాలి, రాళ్లు పేర్చాలి, మంట వెయ్యాలి, ఆ మంట దగ్గర మామను కూర్చోబెట్టాలి. నరేందర్ వచ్చేసరికి ఇదంతా కళ్లకు కనబడాలి. మాటలతో అయితే మొగుడి ముందు తను ఎన్నడూ నిలవలేదు. అతను గొంతు పెంచడు, మెల్లగా, ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోతాడు, వింటుంటే నిజమే కదా అనిపిస్తుంది. మధ్యాహ్నం ఫోన్లో కూడా అంతే. "కామారెడ్డిల ఆశ్రమమోళ్లతోని మాట్లాడిన. ఇయ్యాల్నే తీస్కరమ్మన్నరు. నగేశ్ కారు మాట్లాడిన, పొద్దుగూకే యాళ్లకు వస్తం. బాపు బట్టలు సర్ది పెట్టు." ఊఁ అంది. ఊఁ అని లోపలికి పోయి, మామ పంచెలు మడతపెట్టి సంచిలో పెట్టి, స్వెట్టర్ కోసం దండెం దగ్గరికి వచ్చి, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడి, మళ్లీ దండెం మీదనే వేసి, కొట్టం మూలకున్న గడ్డపార తీసుకుంది.

చోటు నిన్ననే చూసి పెట్టుకుంది. ఫోన్లో ఎవరో పట్నం పిల్ల ఇంటి వెనక గుండ్రంగా రాళ్లు పేర్చి, నడుమ మంట వేసి, చుట్టూ కుర్చీల్లో కూర్చున్నవాళ్లతో నవ్వుతున్న వీడియో ఒకటి వచ్చింది. నవ్వులు వదిలేసి ఆ పిల్ల చేతులనే చూసింది సుకన్య, వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూసింది. ఇంటికి దూరంగా ఉండాలి, పైన కొమ్మ ఉండొద్దు, కరెంటు తీగ ఉండొద్దు, చుట్టూ ఎండుగడ్డి చెక్కెయ్యాలి, గుంత మూరెడు లోతైనా ఉండాలి, అడుగున కంకర పొయ్యాలి, పక్కన ఇసుకా నీళ్లూ పెట్టుకోవాలి. అట్లాంటి చోటు ఈ పెరట్లో ఒక్కటే ఉంది, అది కూడా పోయిన వారం గడ్డివాము కాలిపోబట్టి దొరికింది. నేల ఇంకా నల్లగానే ఉంది, ఎంత ఊడ్చినా ఆ నలుపు కాళ్లకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, పక్కబట్టల్లోకి వస్తుంది. ఆ రోజు కూడా ఇదే వేళ. బర్రెకు కుడితి పెడదామని వచ్చేసరికి మామ వాము అడుగున గుప్పెడు గడ్డి అంటించుకుని, దాని ముందు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ చాపి, లోకంలో ఏ బాధా లేనివాడిలా చలి కాగుతున్నాడు. ఆయన తల మీదుగా మంట పైకి పాకుతుంటే ఆమె చూసింది, ఆయన చూడలేదు. ఎట్లా లాగిందో గుర్తు లేదు, చేతి మీద ఏం పడిందో గుర్తు లేదు, ఆయన "పొయ్యి ఆరిపోతది బిడ్డా, ఇడువు" అని గింజుకోవడమే గుర్తుంది. స్వామిదాసు గోడ దూకి వచ్చి బర్రె తాడు కోసేశాడు. వాడకట్టంతా బకెట్లతో వచ్చింది. అందరూ పోయాక, తడిసిన బూడిద వాసనలో, నరేందర్ ఒక్కటే మాట అన్నాడు. "ఇగ చాలు."

చాలు అనడానికి అది మొదటిది కాదు మరి. స్నానాలగదిలో తన లుంగీనే కుప్పవేసి అంటించాడొకసారి. జామచెట్టు మొదట్లో ఒకసారి, వీధి గుమ్మం ముందు ఒకసారి. వంటింట్లో గ్యాసు బండ పక్కన గింజ ఒలిచిన మక్క బెండ్లు ఒద్దికగా పేర్చి అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటే తను చూసి బెండ్లన్నీ ఒళ్లో వేసుకుని వచ్చేసింది, ఆ సంగతి నరేందర్‌కు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఇంట్లో అగ్గిపెట్టె అన్నదే లేకుండా చేశారు, దేవుడి దీపం కూడా పొయ్యి దగ్గరికి తీసుకుపోయి లైటర్‌తో వెలిగించడమే. ఎన్నడూ బీడీ ముట్టని మనిషి వీధిలో పోయేవాళ్లను ఆపి, బీడీకి, జర అగ్గిపెట్టె ఉంటె ఇయ్యరాదు అని అడుక్కోవడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు ఇస్తారు, ముసలాయన చేతులు చాపి అడిగితే ఎవరికి మాత్రం ఇవ్వకుండా ఉండబుద్ధి అవుతుంది. నిప్పు నుంచి ఆయనను తప్పించడం మనవల్ల కాదు, మరి నిప్పుకే ఒక జాగా ఇస్తే? ఇంత చిన్న మాట ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదో. తట్టినా ఎవరికి చెప్పాలి. మట్టి తట్టలోకి ఎత్తి గోడవారగా పోస్తూ, చెప్పడం కంటే తవ్వడమే నయం అనుకుంది. లోపల నేల కొంచెం మెత్తబడింది, తడి వాసన వచ్చింది. నల్ల మట్టి పోయి ఎర్ర మట్టి కనబడేసరికి ప్రాణం కాస్త కుదుటపడింది.

గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రగ్గు కప్పుకుని మామ మల్లయ్య ఆమెనే చూస్తున్నాడు. చూస్తున్నాడో, చూపు అక్కడ ఆగిందో తెలియదు. గడ్డం పెరిగింది, నిన్న గీయించాల్సింది, ఆశ్రమంలో వారానికోసారి గీస్తారట, నరేందర్ అది కూడా అడిగి తెలుసుకున్నాడు. ఈ మనిషేనా, అడివి అంచున ఉన్న చేన్లో ప్రతి చలికాలం మంచె మీద ఒక్కడే పడుకున్నది. పందులు గుంపులుగా దిగేవి, ఒక్క రాత్రి కన్ను మూస్తే సగం మక్క నేలమట్టం. అందుకని మంచె పక్కన నెగడు వేసి తెల్లారేదాకా ఆరకుండా చూసుకునేవాడు. కొత్తగా వచ్చిన ఏడు, పొద్దుగూకే ముందు సద్ది పట్టుకుపోతే, మంచె దిగి వచ్చి గిన్నెను రెండు చేతులతో అందుకుని "నువ్వు తిన్నవా బిడ్డా" అన్నాడు. దోమకొండలో తన తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో ఒక మగమనిషి తిన్నావా అని అడగడం ఎట్లా ఉంటుందో సుకన్యకు అప్పటిదాకా తెలియదు. తిన్నానని అబద్ధం చెప్పింది. ఆయన నెగడు పక్కన కాల్చిన మక్క కంకి ఒకటి ఆకులో చుట్టి ఇచ్చాడు, నడుస్తూ తిను, చీకటి పడకముందే పో అన్నాడు. దారి పొడుగునా వేళ్లు కాలాయి. ఇప్పుడు ఆ చేను కౌలుకిచ్చారు. అత్త ప్రమీలమ్మ పోయిందని ఆయనకు గుర్తు లేదు, ఒక్కోసారి ఆమె చెల్లెలి ఊరికి పోయిందనుకుంటాడు. కన్నకొడుకును సారు అంటాడు. బ్యాంకు నుంచో కరెంటాఫీసు నుంచో వచ్చిన మనిషి అనుకుంటాడేమో, నరేందర్ ఇంట్లోకి రాగానే లేచి నిలబడతాడు. అట్లా తండ్రి లేచి నిలబడినప్పుడల్లా నరేందర్ తల పక్కకు తిప్పుకుంటాడు. ఆశ్రమం మాట మొదలయ్యింది వాము కాలినప్పటి నుంచి కాదు, అట్లా లేచి నిలబడటం మొదలైనప్పటి నుంచి అని సుకన్యకు ఒక అనుమానం.

కంకర పోసి కాలితో తొక్కింది. రాళ్లు కావాలి. కూలిన పాత ప్రహరీ రాళ్లు మూలకు ఉన్నాయి, ఒక్కొక్కటి కుడిచేత్తో ఛాతీకి ఆనించుకుని మోసింది. అవి చాలలేదు. తులసి గద్దె చుట్టూ నరేందర్ ఎప్పుడో తెచ్చి పెట్టిన నున్నటి రాళ్లు కనబడ్డాయి, గుండ్రంగా, చూడముచ్చటగా, వాటిలో ఒకటి ఎత్తుకొచ్చి వరుసలో పెట్టింది.

"అది పెట్టకు బిడ్డా."

ఆమె చుట్టూ చూసింది, గోడ అవతల స్వామిదాసేమో అనుకుని. కుర్చీలోంచి మామ ముందుకు వంగి ఉన్నాడు.

"ఏంది మామా?"

"వాగురాయి గది. కడుపుల నీళ్లుంటయి దానికి. మంటకు పేలుతది. కండ్లల్ల వడ్తది."

ఎన్ని రోజులయింది ఆయన నోటి నుంచి ఇన్ని మాటలు సక్రమంగా వచ్చి. రాయి తీసి దూరంగా పెట్టింది. ఈ ఒక్క మాట నరేందర్ వినుంటే, ఇక్కడే, ఇప్పుడే నిలబడి వినుంటే. తను తరవాత చెబితే ఎట్లా ఉంటుంది, బాపు గిట్లన్నడు అంటే, ఆఁ అప్పుడప్పుడు అట్లా వస్తయి అంటాడు, డాక్టరు కూడా అదే అన్నాడు. ఆమె మామ వంకే చూస్తూ నిలబడింది, ఇంకేమైనా అంటాడని. ఆయన కళ్లలో వెలుగు ఉండి ఉండి మెల్లగా పక్కకు జరిగింది. ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు.

"పాప పండుకున్నదా?"

"పండుకున్నది మామా."

"పాలు తాగిందా?"

"తాగింది."

"దగ్గు?"

"తగ్గింది మామా. మంచిగ పండుకున్నది."

ఆయన తల ఊపి, చప్పుడు చెయ్యకు అన్నట్టు గడ్డపార వంక చూపించి, వెనక్కి వాలాడు. ఆమె వంగి రాయి సర్దింది, సర్దిన రాయినే మళ్లీ సర్దింది. మొదటిసారి ఈ వానకాలం మొదట్లో అడిగాడు. చేతిలో పాలచెంబు ఉంది, కింద పడెయ్యలేదు, నోటికి ఏది వస్తే అది అన్నది, పండుకున్నది అని వచ్చింది. ఆ తరవాత లోపలికి పోయి బియ్యం బస్తా మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయింది. మర్నాడు అదే వేళకు మళ్లీ అడిగాడు. పాప పోయి ఎన్నో ఏళ్లయింది మామా అని చెప్పాలి కదా, చెబితే ఆయన ఆ కబురు మళ్లీ కొత్తగా వినాలి, రోజూ కొత్తగా వినాలి. ఎవరు చెబుతారు అట్లాంటిది. అది ఒక సాకు. అది సాకు అని కొన్నాళ్లకే తెలిసిపోయింది, పొద్దంతా ఏ పని చేస్తున్నా మనసు ఈ వేళ కోసం చూస్తున్నప్పుడు. బర్రె పాలు పితికి, మొహం కడుక్కుని, ఆయన అడిగేదాకా అక్కడక్కడే తిరుగుతుంది. ఒకరోజు ఆయన అడగకముందే "పాప ఇయ్యాల బోర్లా పడ్డది మామా" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి భయం వేసింది. నాకూ మతి తప్పుతున్నదా అనుకుంది, తప్పితే తప్పనీ అనుకుంది. ఈ లోకం మొత్తంలో సాయిశ్రీ ఇంకా ఊయలలో పడుకుని ఉన్నది ఈ ఒక్క ముసలాయన దగ్గరే. ఆయన్ను కామారెడ్డి తీసుకుపోతే అక్కడ ఎవరిని అడుగుతాడు? ఆ ఆశ్రమంలో పనిచేసే అమ్మాయి ఎవరో, ఏ పాప తాతా అంటుంది. అంతే. ఫోన్లో నరేందర్‌తో ఊఁ అనేటప్పుడు చెప్పడానికి దారి దొరకనిది ఇదే.

అప్పుడు పుష్యమాసం. ఇట్లాగే చలి, ఇంతకంటే ఎక్కువ. పాపకు ఇంకా అన్నం ముట్టించిన కొత్త. రెండు రోజులు దగ్గింది, మందు తాగించారు, తగ్గినట్టే ఉండి తెల్లవారుజామున రొమ్ము ఎగదన్నడం మొదలైంది, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య గుంతలు పడ్డాయి. ఆటోలో కామారెడ్డికి. రోడ్డు మీద మంచు, ముందు ఏమీ కనబడదు, ఆటో అతను తల బయటికి పెట్టి నడుపుతున్నాడు, నరేందర్ తన షర్టు విప్పి ఆటో పక్కకు అడ్డం పట్టుకున్నాడు గాలి రాకుండా. ఒట్టి బనీను మీద ఉన్నాడు, అది ఇప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ గుర్తు రాలేదు. లింగంపేట దాటేదాకా దగ్గుతూనే ఉంది. తాడ్వాయి దగ్గర దగ్గు ఆగింది. ఎంత ప్రాణం లేచి వచ్చిందో. చెంగు ఇంకా దగ్గరగా చుట్టి, నరేందర్‌తో మెల్లగా, తగ్గింది, పండుకున్నది అంది. ఆటో అతనితో కూడా, మెల్లగా పోనీ అన్నా, పాప పండుకున్నది అంది. అట్లా కామారెడ్డి దాకా ఒళ్లో ఊపుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఎండ వచ్చేసింది. ఇంటి ముందు మల్లయ్య ఆమె ఒళ్లోంచి పాపను తీసుకుని, తన తువ్వాలలో చుట్టి భుజాన వేసుకున్నాడు, నిద్రపోయే పిల్లను వేసుకున్నట్టే. ఆయన వెనక నరేందర్ పార పట్టుకుని నడిచాడు. ఆడవాళ్లు గడప దగ్గరే ఆగాలి. వీధి మలుపు దాకా ఆ తువ్వాల కనబడింది. ఆ తరవాత రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరం. నిద్ర పట్టేది కాదు, కోడి కూయకముందే లేచి వచ్చి పెరట్లో నిలబడేది, ఎందుకు వచ్చానో తెలియకుండా. అప్పుడు ఆయన చేను నుంచి వచ్చేవాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఇక్కడే, ఈ గోడకు కొంచెం ఇవతల, నాలుగు కట్టెలు పేర్చి మంట వేసేవాడు, పీట తెచ్చి వేసేవాడు, ఎదురుగా కూర్చునేవాడు. కూర్చో అని కూడా అనేవాడు కాదు. తుమ్మ కట్టె నిలిచి కాలుతది, పత్తి కట్టె బగ్గున లేచి పోతది, ఇట్లాంటివే అనేవాడు, అవి కూడా మంటతో అన్నట్టు అనేవాడు. ఊరంతా వచ్చి ఓర్చుకో అన్నారు, మళ్లీ పుడతారు అన్నారు, చిన్నతనం కదా అన్నారు. ఆయన ఒక్కడే ఏమీ అనలేదు. ఆ చలికాలం గడిచేదాకా ప్రతి తెల్లవారుజామునా వేడి తగిలి తగిలి ఏదో కరిగి, ఒకరోజు ఆమెకు ఆకలి అయింది. అట్లా బతికింది.

నరేందర్ ఆ పార కడిగి కొట్టంలో పెట్టి, ఊయల విప్పి అటక మీద వేశాడు. ఆ తరవాత సాయిశ్రీ అన్న పేరు అతని నోటి నుంచి ఆమె వినలేదు. తను అంటే లేచి బయటికి పోయేవాడు, కోపంగా కాదు, ఏదో పని గుర్తొచ్చినట్టు. కొన్నాళ్లకు తనూ అనడం మానేసింది. మళ్లీ కడుపు పండలేదు, దాని గురించీ మాట్లాడుకోలేదు. కామారెడ్డి ఎరువుల దుకాణంలో పని, పొద్దున బస్సు, రాత్రి బస్సు, ఆదివారం సంత. చెడ్డవాడు కాదు. ఆమె చెయ్యి కాలిన నాటి నుంచి వంట అతనే చేస్తున్నాడు, పప్పులో ఉప్పు మరిచిపోతాడు. కాని ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పిల్లను చెరో మూల దాచుకుని, ఒకరిది ఒకరికి కనబడకుండా ఇన్నేళ్లు తిరిగారు. అతని మూలలో ఏముందో ఆమెకు తెలియదు. ఏమీ లేదేమో అని కూడా అనుకుంది, అనుకుని మొగుణ్ని లోలోపల కొంచెం తక్కువ చేసింది.

రాళ్ల మధ్య గాలి పోవడానికి అక్కడక్కడ సందు వదిలి, పై వరుస కదలకుండా బంకమట్టి మెత్తింది. చేతి గుడ్డ మట్టి అయింది, అవనీ. చుట్టూ గడ్డి చెక్కింది. రెండు బకెట్ల నీళ్లు, తట్టెడు ఇసుక తెచ్చి పెట్టింది. లేచి నిలబడి చూస్తే ఏమంత గొప్పగా లేదు, ఒక పక్కకు వంకర పోయింది, వీడియోలో పిల్ల కట్టిన దానిలా లేదు. అయినా గుంత గుంతే, నిప్పు దాటి రాదు. వాము కాలిన రోజు మామ దగ్గర దొరికితే శనగపిండి డబ్బా అడుగున దాచిన అగ్గిపెట్టె తెచ్చింది. మామను చెయ్యి పట్టి లేపి, పీట మీద కూర్చోబెట్టి, అగ్గిపెట్టె ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దు. తిడ్తరు."

"ఎవ్వలు తిట్టరు మామా. ఈడ పెట్టుకో. నెగడు నీదే."

నెగడు అన్న మాటకు ఆయన తల ఎత్తాడు. గుంతలోకి చూశాడు. ఆ తరవాత ఆమె ఏమీ చెయ్యాల్సిన పని లేకపోయింది. బెండ్లు అడుగున, వాటి మీద ఎండు పత్తి కట్టె విరిచి, పైన తుమ్మ కట్టెలు ఒకదాని మీద ఒకటి వాల్చి, గాలి ఎటు నుంచో తడి వేలితో చూసుకుని, అటుపక్క వీపు పెట్టి, పుల్ల గీసి అరచేతి చాటున లోపలికి పంపాడు. మనిషికి తన పేరు గుర్తుందో లేదో, చేతులకు అన్నీ గుర్తున్నాయి. పొగ లేచింది, తెల్లగా వంగి, స్వామిదాసు గోడవైపు పోయింది. బెండ్లు చిటపటమన్నాయి. ఆకాశం చివర ఎరుపు తగ్గుతుంటే ఇక్కడ ఎరుపు పెరిగింది. ఆయన అరచేతులు చాపాడు. సుకన్య ఎదురుగా కూర్చుంది. ఆ చలికాలం తరవాత ఇట్లా ఎదురెదురుగా కూర్చోవడం ఇదే. ఆమె మోకాళ్లకు వేడి తగిలింది, కాలిన చేతిని దూరంగా పెట్టుకుంది.

వీధిలో కారు ఆగిన చప్పుడు. తలుపు పడిన చప్పుడు. ఇంట్లో లైటు వెలిగింది, గదుల్లో నడక, ఆమె పేరు, ఆ తరవాత పెరటి గుమ్మంలో నరేందర్. చేతిలో సగం సర్దిన సంచి.

"మంట ఎవలు పెట్టిన్రు?" ఇసుక తట్టనూ బకెట్లనూ చూశాడు, రాళ్లను చూశాడు, ఆమె చేతి గుడ్డ చూశాడు. "ఆ చెయ్యితోని తవ్వినవా?"

"జర కూసో."

"నగేశ్ బయట ఉన్నడు."

"ఉండనీ. జరసేపు కూసో."

మల్లయ్య లేవబోయాడు. "రా సారు. కూసో. చలి పెడ్తుంది." పీట ఖాళీ చేసి ఇవ్వబోతున్న తండ్రిని నరేందర్ భుజం పట్టి కూర్చోబెట్టి, తను నేల మీదనే గొంతుక్కూర్చున్నాడు. కాలితో ఒక రాయిని నెట్టి చూశాడు, కదల్లేదు. "మంచిగనే చేసినవు. నేను కాదంటలేను. కాని బాపు రేపు ఈడనే పెట్టుకుంటడని ఏంది నమ్మకం? నువ్వు ఒక్క గడియ పక్కకు పోతె? నిద్రపోతె?" మెల్లగానే అన్నాడు. వాగురాయి మాట చెప్పాలనుకుంది, అది జవాబు కాదని ఆమెకే తెలిసింది. మంట వంక చూస్తూ కూర్చుంది. ఇక లేస్తాడు, సంచి సర్దమంటాడు, తను లేచి ఆ స్వెట్టర్ తేవాలి.

"సుకన్యా."

మామ పిలిచాడు. పేరు పెట్టి. నెలల తరబడి ఆయన నోట లేని పేరు. ఇప్పుడు అడుగుతాడు, నరేందర్ ముందు అడుగుతాడు, ఏమని చెప్పాలి. కాని ఆయన ఇంటివైపు చూడలేదు, గొంతు తగ్గించలేదు. మంటలోకి చూస్తూ అడిగాడు.

"పాపను ఏడ పెట్టినం మనం?"

నరేందర్ తల ఎత్తి తండ్రి వంక చూశాడు.

"జాగ యాదికొస్తలేదు బిడ్డా. అంత దేవులాడిన, యాడ ఎతికినా దొరుకలే. నెగడు పెట్టాలె కద. ఒక్కతే ఉంటది."

సుకన్య నోరు తెరిచింది, పండుకున్నది అన్న మాట నాలుక మీదనే ఆగిపోయింది. ఆయనకు తెలుసు. పాప లేదని ఆయనకు తెలుసు, ఇప్పుడు తెలుసో, ఎప్పుడూ తెలుసో, రోజూ అడిగింది ఏ నిద్ర గురించో. ఊయల ఖాళీ అయిపోయింది. ఇంత సేపూ తను చేత్తో తవ్వి, రాళ్లు మోసి కట్టుకున్నది దీనికా అనిపించింది. ఆయన ఆమె వంకే చూస్తున్నాడు, జవాబు కోసం, పిల్లవాడిలా. ఆ జవాబు ఆమెకు తెలియదు. ఎక్కడ పెట్టారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, వీధి మలుపు దాకా కనబడిన తువ్వాల వరకే తెలుసు.

"మన చేన్లనే, బాపు," అన్నాడు నరేందర్. అతని గొంతు ఎవరిదో గొంతులా ఉంది. "మంచె కాడ. జాగ నువ్వే చూపిచ్చినవు."

"మంచె కాడనా."

"ఆఁ. ఒక్కతే ఉంటది, చలి వెడ్తదంటివి. ఆ చలికాలమంత ఆడ నెగడు పెట్టినవు. మక్క కోసినంక సుత పోయినవు, చేన్ల కాయడానికి ఏం లేకున్నా. నేను వద్దంటె ఇనకపోతివి. కొన్ని దినాలు నేను సుత వచ్చిన నీతోని. యాది లేదా?"

మల్లయ్య ఆలోచించాడు. "ఉన్నది," అన్నాడు, ఉన్నదో లేదో. చేతులు మళ్లీ మంటకు చాపాడు. ముఖం మీద వెతుకులాట ఏదో తగ్గింది.

తెల్లవారుజామున చేను నుంచి వచ్చి మౌనంగా ఎదురుగా కూర్చున్న మనిషి ఏ మంట దగ్గరి నుంచి లేచి ఈ మంట దగ్గరికి వచ్చాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు నడిచింది ఆ గట్టు మీద. ఎన్నిసార్లు ఆ మంచె నీడలో సద్దిగిన్నె దించింది, కలుపు తీసింది, అలిసి ఆ నేల మీదే నడుం వాల్చింది. నరేందర్ ఒక కట్టెను మంటలోకి జరిపాడు. జరిపిన చెయ్యి అక్కడే, వేడిలోనే ఉంచాడు.

"నాకెందుకు చెప్పకపోతివి?" అంది.

"నువ్వు అడుగకపోతివి. అడుగుతవేమో అని చూసిన. అడుగకపోతె, తెలుసుకునేది ఇష్టం లేదేమో అనుకున్న." కట్టెను ఇంకొంచెం లోపలికి తోశాడు. "బతికుంటె ఈ ఏడు ఆరో తరగతికి పోతుండె."

వీధిలో నగేశ్ హారన్ కొట్టాడు. నరేందర్ లేచి, మొహం చేత్తో తుడుచుకుని, సంచి అక్కడే వదిలేసి ఇంట్లోంచి ముందుకు పోయాడు. మాటలు వినబడ్డాయి. "నువ్వు పో తమ్మీ. బాపు వస్తలేడు." "రేపు రావాల్నా అన్నా?" "వద్దు." కారు వెనక్కి తిరిగి, వీధి చివర చప్పుడు సన్నబడి పోయింది. అతను వచ్చి ఈసారి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆటోలో తాడ్వాయి దగ్గర పాప పడుకుందనుకున్నానని, కామారెడ్డి దాకా ఊపుతూనే ఉన్నానని ఆమె అతనికి చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చెప్పలేదు కదా అనుకుంటూ చెప్పింది. అతను మధ్యలో లేచిపోలేదు. చివరిదాకా విని, "నాకు తాడ్వాయి దాటంగనే తెలుసు," అన్నాడు. "నువ్వు ఊపుతుంటె ఎట్ల చెప్పాలె."

పొద్దు పూర్తిగా గూకింది. తుమ్మ కట్టె నిలిచి కాలుతోంది.

"సాయిశ్రీ కాడికి పొద్దున్నే పోదాం," అన్నాడు నరేందర్. "ముగ్గురం."

మల్లయ్య తల ఊపాడు. "కట్టెలు పట్టుకపోవాలె," అన్నాడు.

"పట్టుకపోదాం మామా," అంది సుకన్య.